సొంత స్థలంలో కొత్త ఇల్లు: గుత్తేదారుకు పని అప్పగించే ముందు బస్తర్ వాసులు తెలుసుకోవలసిన అంశాలు

బస్తర్‌లో ఇంటి పనికి ఒక ఋతువు ఉంది. నైరుతి రుతుపవనాలు ఛత్తీస్‌గఢ్‌లోకి సాధారణంగా జూన్ మధ్యలో బస్తర్ మీదుగానే ప్రవేశిస్తాయి. జగదల్‌పూర్ ప్రాంతంలో ఏడాదికి సగటున దాదాపు 1,500 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అందులో అత్యధిక భాగం సెప్టెంబరు చివరిలోగా పడుతుంది. దసరా ఉత్సవాలు ముగిసి వరి కోతలు పూర్తయ్యాక పునాదుల తవ్వకం మొదలవుతుంది. మళ్లీ వానలు వచ్చేలోగా శ్లాబు పడాలన్నది ఇల్లు కట్టుకొనే ప్రతి కుటుంబం ఆరాటం. గుత్తేదారుతో మాట తేడా వచ్చి రెండు నెలలు పని ఆగిపోతే ఆ కుటుంబానికి ఏడాది కాలం చేజారినట్లే. పైకప్పు లేని గోడలు వానకు తడుస్తాయి, బయటకు వదిలిన ఇనుప కడ్డీలు తుప్పు పడతాయి, అద్దె ఇంటి ఖర్చు అదనంగా మీద పడుతుంది.

బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. అవి బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. వీటిలో సుక్మా జిల్లాకు ఆంధ్రప్రదేశ్‌తోనూ, బీజాపూర్ జిల్లాకు తెలంగాణతోనూ సరిహద్దు ఉంది. తెలుగువారు కుంట అని పిలిచే కోంటాలోనూ, భోపాలపట్నం పరిసరాల్లోనూ తెలుగు ఇంటి భాషగా, సంత భాషగా తరతరాలుగా వినిపిస్తోంది. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్, కోంటా మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి వెంట సిమెంటు, ఇనుము ఒక వైపు నుంచి వస్తుంటే, మేస్త్రీలు, కూలీలు రెండు వైపుల నుంచీ ప్రయాణిస్తుంటారు. రహదారులు మెరుగుపడుతున్న కొద్దీ మట్టి గోడలు, పెంకుటి కప్పుల స్థానంలో కాంక్రీటు ఇళ్లు పెరుగుతున్నాయి. తమ వంశంలో తొలిసారి పక్కా ఇల్లు కట్టుకొంటున్న కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. మట్టి ఇల్లు కట్టే విద్య ఊరందరికీ తెలుసు, కాంక్రీటు ఇంటి లెక్క మాత్రం గుత్తేదారుకే తెలుసు. ఈ తేడాయే అనేక వివాదాలకు మూలం.

ప్రభుత్వ సహాయంతో కట్టే ఇంటికి వేరే నియమం

ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఇల్లు పూర్తిగా సొంత డబ్బుతో కడుతున్నారా, లేక ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ సహాయంతో కడుతున్నారా అన్నది ఆ ప్రశ్న. 2016 నవంబరు 20న ఆగ్రాలో ప్రారంభమైన ఈ పథకంలో ఇంటిని లబ్ధిదారు స్వయంగా గానీ, తన పర్యవేక్షణలో గానీ కట్టుకోవాలి. గుత్తేదారుల ద్వారా నిర్మాణం జరిపించరాదని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అంటే మేస్త్రీని, కూలీలను పెట్టుకోవచ్చు. సామగ్రిని లబ్ధిదారు కొనుక్కోవచ్చు. కానీ ఊరి ఇళ్లన్నింటినీ ఒకే వ్యక్తి గుత్తకు తీసుకొని, లబ్ధిదారుల ఖాతాలో పడిన సొమ్మును తానే తీసుకోవడం పథకం స్ఫూర్తికి విరుద్ధం.

మైదాన ప్రాంతాల్లో ఒక్కో ఇంటికి రూ. 1.20 లక్షలు, కొండ ప్రాంతాలతో పాటు సమీకృత కార్యాచరణ ప్రణాళిక జిల్లాల్లో రూ. 1.30 లక్షలు సహాయంగా నిర్ణయించారు. దీనికి తోడు ఉపాధి హామీ కింద 90 నుంచి 95 రోజుల కూలి, మరుగుదొడ్డికి రూ. 12,000 జత చేసుకొనే వీలును పథకం కల్పించింది. వంటకు కేటాయించిన స్థలంతో కలిపి ఇంటి వైశాల్యం కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. కోరుకున్నవారికి రూ. 70,000 వరకు బ్యాంకు రుణానికీ అవకాశం ఉంది. అబూజ్‌మాడియా వంటి ప్రత్యేక బలహీన గిరిజన సమూహాలకు 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ కింద ఇంటి సహాయం రూ. 2 లక్షలు. లొంగిపోయిన మావోయిస్టులు, నక్సల్ హింస బాధిత కుటుంబాల కోసం ఛత్తీస్‌గఢ్‌కు ప్రత్యేకంగా 15,000 ఇళ్లు మంజూరయ్యాయి.

ఈ సొమ్ము నేరుగా లబ్ధిదారు ఖాతాలోకి, పని దశలను అనుసరించి వాయిదాలుగా చేరుతుంది. ప్రతి దశలోనూ స్థలాన్ని గుర్తించే ఫొటో తీసి నమోదు చేస్తారు. పునాది పూర్తయినట్లు ఫొటో లేకుంటే తదుపరి వాయిదా రాదు. మొదటి వాయిదా మొత్తం ముందుగానే ఎవరి చేతిలోనైనా పెట్టి, వారు పునాది వేయకుండా వెళ్లిపోతే లబ్ధిదారు రెండు విధాలుగా నష్టపోతారు. డబ్బు పోతుంది, తరువాతి వాయిదా కూడా ఆగిపోతుంది. వృద్ధులు, దివ్యాంగులు స్వయంగా కట్టించుకోలేని స్థితిలో ఉంటే గ్రామ పంచాయతీ, జనపద పంచాయతీ అధికారులను సంప్రదించి సహాయం కోరవచ్చు.

సొంత సొమ్ముతో, బ్యాంకు రుణంతో కట్టేవారికి ఈ నిషేధం లేదు. వారు గుత్తేదారును నియమించుకోవచ్చు. మిగిలిన అంశాలు ప్రధానంగా వారికి సంబంధించినవే అయినా, నాణ్యతకు సంబంధించిన సూచనలు అందరికీ వర్తిస్తాయి.

మొదట భూమి, తరువాతే గుత్తేదారు

బస్తర్ ఐదో షెడ్యూలు ప్రాంతం. ఛత్తీస్‌గఢ్ భూ రెవెన్యూ స్మృతి, 1959లోని 165వ సెక్షన్ ఆరో ఉపవిభాగం ప్రకారం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఆదివాసీల భూమిని ఆదివాసేతరులకు బదలాయించడం కుదరదు. తెల్ల కాగితం మీద రాసుకొన్న కొనుగోలు ఒప్పందం, ఆదివాసీ మిత్రుని పేరు మీద కొని తాను ఇల్లు కట్టుకోవడం వంటి ఏర్పాట్లకు చట్ట రక్షణ ఉండదు. అటవీ హక్కుల చట్టం, 2006 కింద పొందిన పట్టా వారసులకు సంక్రమిస్తుంది గానీ అమ్మకానికి, బదలాయింపుకు వీలుకాదు. అటువంటి స్థలంలో మరొకరు ఇల్లు కడితే గోడలు ఎంత గట్టివైనా హక్కు మాత్రం బలహీనమే.

సొంత భూమి అయినా దాని రికార్డు చూసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ భూ రికార్డుల వేదిక భుయియాఁలో ఖస్రా, బీ-1 నకళ్లు లభిస్తాయి. వాటిలో పేరు, విస్తీర్ణం, భూమి రకం సరిపోలాలి. భూమి వ్యవసాయ అవసరానికి నమోదై ఉంటే నివాస అవసరానికి మార్చుకోవాలి. దీనినే స్థానికంగా డైవర్షన్ అంటారు. ఆ తరువాత గ్రామాల్లో పంచాయతీ నుంచి, జగదల్‌పూర్‌లో నగర పాలక సంస్థ నుంచి, కోంటా, భోపాలపట్నం వంటి చోట్ల నగర పంచాయతీ నుంచి నిర్మాణ అనుమతి పొందాలి. అనుమతి తెచ్చే బాధ్యత గుత్తేదారుకు అప్పగించినా, అనుమతి లేని నిర్మాణానికి నోటీసు వచ్చేది యజమాని పేరుకే.

నక్షా, అంచనా లేకుండా బేరం వద్దు

గుత్తేదారును పిలిచి "మూడు గదుల ఇల్లు, ఎంతవుతుంది?" అని అడిగితే వచ్చే జవాబుకు విలువ లేదు. అదే ప్రశ్నకు ముగ్గురు మూడు రకాల ఇళ్లను ఊహించుకొని మూడు ధరలు చెబుతారు. వాటిలో తక్కువ చెప్పినవారు చవకగా కడతారని కాదు, తక్కువ సామగ్రితో కట్టే ఇంటిని ఊహించుకొని ఉండవచ్చు. అందువల్ల ముందుగా అర్హతగల ఇంజినీరుతో నక్షా గీయించాలి. పునాది లోతు, స్తంభాల కొలత, కడ్డీల మందం, వాటి మధ్య దూరం చూపే నిర్మాణ చిత్రం దానికి జత కావాలి. పని వారీగా పరిమాణాల పట్టిక కూడా ఉండాలి. తవ్వకం ఎన్ని ఘనపు మీటర్లు, కాంక్రీటు ఎంత, ఇటుక గోడ ఎంత, ఇనుము ఎన్ని కిలోలు అన్నవి ఆ పట్టికలో తేలుతాయి. రాష్ట్ర ప్రజా పనుల శాఖ ప్రకటించే ధరల పట్టిక అంచనాకు ఒక ప్రమాణంగా పనికివస్తుంది. మారుమూల గ్రామాలకు రవాణా ఖర్చు అదనమని గుర్తుంచుకోవాలి.

ఈ పట్టికను కనీసం ముగ్గురు గుత్తేదారులకు ఇచ్చి, అదే పట్టికలో ధరలు రాసి ఇవ్వమని కోరాలి. అప్పుడే పోలికకు అర్థం ఉంటుంది. ఇంజినీరుకు చెల్లించే రుసుము ఖర్చుగా కనిపించినా, గుత్తేదారు కాని ఒక నిపుణుడు యజమాని తరఫున లెక్క చూడడం వల్ల కలిగే లాభం ఎక్కువ. ఆ ఇంజినీరు గుత్తేదారు నుంచి ఏ రూపంలోనూ ప్రతిఫలం పొందని వ్యక్తి కావాలి.

చదరపు అడుగు లెక్కలో తిరకాసు

బస్తర్‌లో ఠేకా రెండు రకాలుగా ఎక్కువగా నడుస్తుంది. మొదటిది కూలి ఠేకా. సామగ్రి యజమాని కొంటారు, గుత్తేదారు మనుషులను తెచ్చి పని చేయిస్తారు. రెండోది సామగ్రితో సహా ఠేకా. అన్నీ గుత్తేదారే తెచ్చి తాళంచెవి ఇస్తారు. కూలి ఠేకాలో సామగ్రి నాణ్యత యజమాని చేతిలో ఉంటుంది, అయితే వృథా, దొంగతనం కూడా యజమాని భారమే. సామగ్రితో సహా ఠేకాలో యజమానికి శ్రమ తక్కువ, కానీ ధర ఒకసారి కుదిరాక గుత్తేదారు లాభం సామగ్రిలో కోతపైనే ఆధారపడే ప్రమాదం ఉంది. పరిమాణాలను బట్టి అంశాల వారీగా ధర కట్టే పద్ధతి మూడోది. జరిగిన పనిని కొలిచి చెల్లించడం వల్ల ఇది న్యాయమైనదే గానీ కొలతలు నమోదు చేసే మనిషి కావాలి.

మొదటి రెండు పద్ధతుల్లోనూ ధరను చదరపు అడుగుకు ఇంతని చెబుతారు. ఏ చదరపు అడుగు అన్నది మాత్రం రాయరు. ఒక ఇంటి గోడల వెలుపలి కొలత ప్రకారం ప్లింత్ వైశాల్యం 800 చదరపు అడుగులు అనుకుందాం. శ్లాబు గోడలను దాటి ముందుకు రావడం వల్ల దాని వైశాల్యం 950 అడుగులు కావచ్చు. కూలి ధర చదరపు అడుగుకు రూ. 300 అని మాట్లాడుకొంటే రెండు కొలతల మధ్య తేడా 150 అడుగులు, అంటే రూ. 45,000. గుత్తేదారు శ్లాబు కొలతను, యజమాని గోడల కొలతను మనసులో పెట్టుకొంటే ఇద్దరూ నిజాయతీపరులే అయినా చివరికి గొడవ తప్పదు. వైశాల్యం కొలిచే పద్ధతిని భారతీయ ప్రమాణం ఐఎస్ 3861 నిర్దేశించింది. ఆ పద్ధతినే అనుసరిస్తామని ఒప్పందంలో ఒక్క వాక్యం రాసుకొంటే ఈ వివాదం తలెత్తదు. మెట్లు, వరండా, నీటి తొట్టి, మరుగుదొడ్డి గుంత, ప్రహరీ గోడ, ఎలక్ట్రికల్ పని ఆ ధరలో ఉన్నాయో లేదో కూడా విడివిడిగా రాయాలి.

గుత్తేదారును ఎలా పరిశీలించాలి

గుత్తేదారు చెప్పే మాటల కన్నా ఆయన కట్టిన ఇళ్లు ఎక్కువ చెబుతాయి. కొత్తగా కట్టిన ఇంటితో పాటు కనీసం మూడు వానాకాలాలు చూసిన ఇంటిని పరిశీలించాలి. శ్లాబు అడుగున తడి మచ్చలు, తుప్పు చారలు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. ఆ ఇంటివారిని అడగవలసిన ప్రశ్నలు మూడు. చెప్పిన గడువుకు పూర్తి చేశారా? మధ్యలో అదనపు సొమ్ము అడిగారా? పని ముగిశాక పిలిస్తే వచ్చారా?

ఒకేసారి ఎన్ని పనులు నడుపుతున్నారన్నది మరో ముఖ్యాంశం. ఒక ఇంటి అడ్వాన్సును మరో ఇంటి సిమెంటుకు వాడుతూ నాలుగైదు పనులు లాగే గుత్తేదారు ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. గుర్తింపు పత్రం, శాశ్వత చిరునామా, పాన్ సంఖ్య, జీఎస్టీ నమోదు ఉంటే ఆ వివరాలు తీసుకోవాలి. గుత్తేదారు పొరుగు రాష్ట్రం వారైతే ఈ జాగ్రత్త మరింత అవసరం.

కాగితం మీద ఒప్పందం

భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. కానీ దానిని నిరూపించడం కష్టం. స్టాంపు కాగితంపై రాసి, ఇరువురూ ప్రతి పుటలో సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో చెరొక ప్రతి ఉంచుకోవడం మేలు. యజమానికి హిందీ చదవడం రాకపోతే తెలిసిన భాషలో చదివి వినిపించినట్లు రాయించుకోవాలి. నక్షా, పరిమాణాల పట్టిక, సామగ్రి వివరాలు ఒప్పందంలో భాగమని పేర్కొనాలి. "మంచి రకం సిమెంటు" అన్న మాటకు అర్థం లేదు. సిమెంటు రకం, కడ్డీ శ్రేణి, ఇటుక రకం, తలుపుల కలప, గచ్చు రాయి పేరుతో సహా ఉండాలి.

చెల్లింపు ఎప్పుడూ పూర్తయిన పని వెనుకే నడవాలి గానీ పని కన్నా ముందు పరుగెత్తకూడదు. మొత్తం ధర రూ. 12 లక్షలు అనుకొంటే వాయిదాలను ఈ విధంగా అమర్చుకోవచ్చు. పని ప్రారంభంలో 10 శాతం, అంటే రూ. 1.20 లక్షలు. ప్లింత్ పూర్తయ్యాక 20 శాతం, రూ. 2.40 లక్షలు. లింటెల్ స్థాయికి చేరాక మరో 20 శాతం, రూ. 2.40 లక్షలు. శ్లాబు పడి, అడుగు చెక్కలు తీశాక 25 శాతం, రూ. 3 లక్షలు. ప్లాస్టరింగు ముగిశాక 10 శాతం, రూ. 1.20 లక్షలు. గచ్చు, తలుపులు, విద్యుత్తు, నీటి గొట్టాలు పూర్తయ్యాక 10 శాతం, రూ. 1.20 లక్షలు. చివరి 5 శాతం, రూ. 60,000 మాత్రం ఒక వానాకాలం గడిచే వరకు యజమాని దగ్గరే ఉండాలి. ప్రభుత్వ నిర్మాణ పనుల్లో లోపాల బాధ్యత కాలానికి సొమ్ము నిలిపి ఉంచే పద్ధతి ఇటువంటిదే. బస్తర్‌లో శ్లాబును పరీక్షించేది మొదటి వానే. చెల్లింపులు బ్యాంకు ద్వారా జరగాలి. నగదు ఇవ్వక తప్పకపోతే తేదీ, దశ రాసి సంతకం తీసుకోవాలి.

గడువు దాటితే వారానికి ఇంత చొప్పున పరిహారం అని రాసుకోవచ్చు. అయితే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకొన్న మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారం మాత్రమే న్యాయస్థానం ఇప్పిస్తుంది. భయపెట్టడానికి పెద్ద అంకె రాయడం వల్ల ప్రయోజనం లేదు. మధ్యలో యజమాని మార్పులు కోరితే వాటి ధర, అదనపు గడువు రాతపూర్వకంగా తేలాకే పని మొదలుపెట్టాలి. ఒకరు మధ్యలో తప్పుకొంటే అప్పటి వరకు జరిగిన పనిని ఎవరు కొలవాలన్నదీ ముందే నిర్ణయించుకోవాలి.

నాణ్యతకు సులభ పరీక్షలు

ఉక్కు కాంక్రీటు పనికి దేశంలో ప్రమాణం ఐఎస్ 456. దాని ప్రకారం ఉక్కు వేసిన కాంక్రీటు కనీసం ఎం20 శ్రేణిది కావాలి. చిన్న ఇళ్లలో ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకరగా దీనిని కలుపుతారు. 50 కిలోల సిమెంటు బస్తాకు నీరు 30 లీటర్లు మించరాదు. పని సులువు కోసం నీరు ఎక్కువ పోయడమే గ్రామాల్లో శ్లాబులు బలహీనపడడానికి ప్రధాన కారణాల్లో ఒకటి. నీటి కొలతకు డబ్బా ఒకటి నిర్ణయించి, ప్రతి బస్తాకు అదే వాడించాలి.

కడ్డీ బరువును ఎవరైనా సరిచూడవచ్చు. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, దానిని అదే సంఖ్యతో గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.89 కిలోలు తూగాలి. అంటే 12 మీటర్ల కడ్డీ దాదాపు 10.7 కిలోలు. 8 మిల్లీమీటర్లదైతే మీటరుకు 0.395 కిలోలు. స్వల్ప తేడాను ప్రమాణాలు అనుమతిస్తాయి, కానీ తేడా పెద్దదైతే మందం తక్కువ కడ్డీని ఎక్కువ మందం పేరుతో అమ్మినట్లే. కడ్డీపై ఐఎస్ఐ గుర్తు, శ్రేణి ముద్రించి ఉండాలి.

కడ్డీలు చెక్కను తాకకుండా అడుగున దిమ్మలు పెట్టాలి. శ్లాబుకు 20, స్తంభానికి 40, పునాదికి 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర కడ్డీని కప్పి ఉండాలి. తేమ ఎక్కువైన బస్తర్‌లో ఈ పొర లోపిస్తే కడ్డీ తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది. నేల నుంచి చెదపురుగుల బెడద ఉన్న చోట పునాది దశలోనే మందు పిచికారీ చేయించాలి. అందుకు ఐఎస్ 6313 ప్రమాణం ఉంది.

కాంక్రీటు తడుపు మరో కీలకాంశం. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటైతే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ లేదా స్లాగ్ కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే ఇంకా ఎక్కువ రోజులు తడి ఆరకుండా ఉంచాలి. దేశంలో అమ్ముడయ్యే సిమెంటులో అధిక భాగం కలిపిన రకమే. శ్లాబు విస్తీర్ణం 4.5 మీటర్ల వరకు ఉంటే ఆధార కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. దూలాల కింద 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21 రోజులు అవసరం. చెక్కలు మరో చోట కావాలని గుత్తేదారు తొందరపెట్టినా ఈ గడువు తగ్గించరాదు.

వరదను, భూకంపాన్ని మరువరాదు

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి నది ఎగదన్ని కోంటా పట్టణంలోకి నీరు వచ్చింది. 2025 ఆగస్టు చివరిలో కుండపోత వానలు బస్తర్, దంతెవాడ ప్రాంతాల్లో ఇళ్లను ముంచెత్తాయి. అందువల్ల ప్లింత్ ఎత్తును వీధి మట్టంతో పోల్చి నిర్ణయిస్తే చాలదు. ఆ చోట పెద్దలకు గుర్తున్న అత్యధిక వరద మట్టాన్ని అడిగి, దాని కన్నా పైన ఉంచాలి. వాగు ఒడ్డున చవకగా దొరికే స్థలం తరువాత ఖరీదైనదిగా తేలవచ్చు.

1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. బస్తర్ దక్షిణ భాగం అక్కడికి దగ్గరే. ప్లింత్ వద్ద, లింటెల్ వద్ద ఇంటి చుట్టూ తెగకుండా సాగే కాంక్రీటు పట్టీ వేస్తే గోడలు ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తాయి. దీనికయ్యే అదనపు ఖర్చు మొత్తం ఖర్చులో చిన్న భాగమే.

కూలీల భద్రత, పన్నులు

పరంజా మీద నుంచి పడిన కూలీ కుటుంబానికి ఎవరు బాధ్యులన్నది ప్రమాదం జరిగాక తేల్చుకొనే విషయం కాదు. కూలీల వేతనం, బీమా, భద్రతా పరికరాలు గుత్తేదారు బాధ్యతగా ఒప్పందంలో రాయాలి. బాలలను పనిలో పెట్టరాదు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయస్కులై, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన కూలీలు రాష్ట్ర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు చేసుకొని ప్రయోజనాలు పొందవచ్చు. ఆ మండలికి నిధులు నిర్మాణ వ్యయంపై వసూలు చేసే సెస్సు నుంచి వస్తాయి. సొంత నివాసానికి కట్టే ఇంటికి 1996 చట్టంలో రూ. 10 లక్షల వరకు మినహాయింపు ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతిలో ఆ పరిమితి రూ. 50 లక్షలు.

జీఎస్టీ విషయంలోనూ రెండు రకాల ఠేకాల మధ్య తేడా ఉంది. విడిగా కట్టే ఒంటరి ఇంటికి కేవలం కూలి పని అందించే ఒప్పందానికి పన్ను లేదు. సామగ్రితో సహా ఒప్పందంపై సాధారణంగా 18 శాతం పన్ను వర్తిస్తుంది. గుత్తేదారు చెప్పిన ధరలో పన్ను కలిసి ఉందో లేదో ముందే అడగాలి. పన్ను వసూలు చేస్తే దానికి తగిన రసీదు ఇవ్వాలి. సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత అంచనాతో వచ్చే గుత్తేదారును ఈ తగ్గింపు గురించి అడగడం సమంజసమే.

వివాదం వస్తే ఎక్కడికి వెళ్లాలి

స్థిరాస్తి నియంత్రణ ప్రాధికార సంస్థ అయిన రెరా అన్ని నిర్మాణ ఫిర్యాదులూ వింటుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. 2016 నాటి ఆ చట్టం ప్లాట్లను, ఫ్లాట్లను కట్టి అమ్మే సంస్థలకు సంబంధించినది. సొంత స్థలంలో యజమాని పెట్టుకొన్న గుత్తేదారు దాని పరిధిలోకి రారు. అయితే నిర్మాణ లోపాలకు అమ్మకందారు ఐదేళ్ల పాటు బాధ్యత వహించాలని ఆ చట్టం చెబుతోంది. సొంత ఒప్పందంలోనూ అటువంటి షరతు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

సొంత ఇల్లు కట్టించుకొనే యజమానికి అందుబాటులో ఉన్న మార్గం వినియోగదారుల రక్షణ చట్టం, 2019. గృహ నిర్మాణం కూడా ఒక సేవ అని ఆ చట్టం నిర్వచించింది. అంతకు ముందే 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని స్థిరపరిచింది. 2008లో ఫకీర్‌చంద్ గులాటీ కేసులో, తన స్థలంలో బిల్డరు చేత కట్టించుకొన్న భూ యజమాని కూడా వినియోగదారేనని తీర్పు చెప్పింది. చెల్లించిన మొత్తం రూ. 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. రూ. 5 లక్షల వరకు రుసుము లేదు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే ప్రాంతానికి చెందిన కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. గుత్తేదారు భద్రాచలంలోనో, మల్కన్‌గిరిలోనో ఉన్నా సుక్మా జిల్లా వాసి అక్కడికి తిరగవలసిన పని లేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915. ఈ-జాగృతి వేదిక ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు పంపవచ్చు.

దానికన్నా ముందు గుత్తేదారుకు లోపాలను రాతపూర్వకంగా తెలిపి, సరిదిద్దడానికి నిర్ణీత గడువు ఇవ్వాలి. స్పందన లేకుంటే స్వతంత్ర ఇంజినీరుతో పరిశీలన నివేదిక తీసుకోవాలి. ఆ నివేదిక లేకుండా లోపం ఎవరిదో తేల్చడం కమిషన్‌కూ కష్టమే. లోపాన్ని సరిదిద్దించే ముందు ఫొటోలు, వీడియోలు తీసి ఉంచాలి.

గుత్తేదారు పక్షాన కూడా న్యాయం ఉంటుందన్నది విస్మరించరాదు. యజమాని వాయిదా ఆపితే కూలీలకు వారం కూలి అందదు. పని మధ్యలో గదులు మార్చమనడం, ఒప్పుకొన్న సామగ్రి సమయానికి తేకపోవడం కూడా జాప్యానికి కారణాలే. రాసుకొన్న ఒప్పందం ఇద్దరికీ రక్షణ ఇస్తుంది.

ఇల్లు కట్టించే కుటుంబం ఒక సంచిలో ఆరు పత్రాలు భద్రపరచుకోవాలి. భూమి నకలు, నిర్మాణ అనుమతి, నక్షా, పరిమాణాల పట్టికతో కూడిన ఒప్పందం, చెల్లింపుల రసీదులు, తేదీల వారీగా పని ఫొటోలు. వీటిలో మొదటి నాలుగు చేతికి రాకముందు అడ్వాన్సు ఇవ్వరాదు. మిగిలిన రెండు పూర్తి కాకముందు చివరి వాయిదా చెల్లించరాదు.